ఎవరూ మింగని కాఫీ

పదకొండు గంటల ఎనిమిది నిమిషాలకు సరిగ్గా పద్దెనిమిది గ్రాములున్న కాఫీ పొడి పదకొండు గంటల తొమ్మిది నిమిషాలకు పదిహేడు పాయింటు ఆరు అయింది. ఎవరూ ముట్టుకోలేదు. ఫ్యాను తిరగడం లేదు, ఏసీని వాసవే కట్టేయించింది, కిటికీలోంచి గాలి వచ్చిందనుకుందామంటే ఈ గదికి కిటికీయే లేదు. జగ్దల్‌పూర్‌లో పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే హాలు ఇది. పెళ్ళికూతురిని కూర్చోబెట్టే గదిలో ఇవాళ వాసవిని కూర్చోబెట్టారు. అద్దం అంచున ఎవరెవరి బొట్టుబిళ్ళలో ఇంకా అంటుకునే ఉన్నాయి, వాటి మధ్యలోంచి తన మొహం తనకే చుట్టపుచూపుగా వచ్చినట్టు కనబడుతోంది. తెర అవతల వేదిక మీద మూడో నంబరు పోటీదారు ప్రేమ్‌కుమార్ బల్ల సర్దుకుంటున్న చప్పుళ్ళు. నాలుగో నంబరు తను. పదకొండూ ముప్పావుకు బల్ల సర్దుకోమని పిలుస్తారు, పన్నెండుకు గడియారం నొక్కుతారు. పదిహేను నిమిషాల్లో నలుగురు జడ్జీలకు నాలుగు ఎస్ప్రెస్సోలు, నాలుగు పాల కాఫీలు, సొంతంగా కనిపెట్టిన ఇప్పపువ్వు కాఫీ నాలుగు, నవ్వుతూ, మాట్లాడుతూ, బల్ల మీద చుక్క ఒలకకుండా ఇవ్వాలి. గెలిస్తే బెంగుళూరులో దేశమంతటికీ జరిగే పోటీ. వాసవికి గెలవాలనే ఉంది, అందులో దాచుకోవడానికేమీ లేదు. ఆమె స్కేలు వంక మళ్ళీ చూసింది. తూకం ఒక్కసారిగా పడిపోదు. తొమ్మిది, ఎనిమిది, ఏడు, ఆరు అంటూ చివరి అంకె తీరిగ్గా దిగుతుంది. ఆరు దగ్గర ఆగి ఇంక కదలదు.

ఇరవై రోజులుగా ఇదే వరస. మొదట్లో స్కేలు పాడయిందనుకుంది, ఆడలేక మద్దెల ఓడంటారని ఎవరికీ చెప్పలేదు. బ్యాటరీలు మార్చింది, ఇంకో స్కేలు తెప్పించింది, వంద గ్రాముల ఇత్తడి గుండు పెట్టి గంటసేపు కూర్చుని చూసింది, గుండు గుండులాగే ఉంది. చిక్‌మగళూరు గింజలు మరపట్టి పోస్తే పద్దెనిమిది పద్దెనిమిదిగానే నిలబడింది. బుధ్రా అనే రైతు పండించిన గింజలు పోస్తేనే దిగుతుంది. సరే, పోయేదేదో ముందే కలిపేద్దామని పద్దెనిమిది పాయింటు నాలుగు పోసింది. అదీ వచ్చి పదిహేడు పాయింటు ఆరు దగ్గరే ఆగింది. పంతొమ్మిది పోసినా అక్కడికే వచ్చి ఆగిన రోజున మాత్రం వాసవి స్కేలుకు దూరంగా వెళ్ళి గోడకు వీపు ఆనించి నిలబడింది, ఎందుకంటే ఎంత పోసినా ఒకే చోట ఆగడం గాలి చేసే పని కాదు, ఎంత వదలాలో తెలిసిన చెయ్యి చేసే పని. తను పనిచేసే కఫేని నడిపే రాజ్యశ్రీ అక్కకు చెబితే అక్క నవ్వింది. అక్కావాళ్ళది విశాఖ, నాన్న నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీకి పనికొస్తే ఇక్కడే స్థిరపడ్డారు, వాసవికి ఈ విద్య నేర్పిందీ పోటీకి పేరిచ్చిందీ ఆవిడే. "పొడికి కరెంటు పడతాది వాసూ, గిన్నె అంచుకి అంటుకుంటాది. నీళ్ళ తుంపర కొట్టి మర తిప్పు, అంతే" అంది. తుంపరా కొట్టింది, అయినా దిగింది. చివరికి పదిహేడు పాయింటు ఆరుకు తగ్గట్టే మర బిగించుకుని సాధన చేసింది. కాఫీ మాత్రం అద్భుతంగా దిగేది. తేనె రంగు ధార, ఎలుకతోకంత సన్నగా, ఇరవయ్యేడు సెకన్లు. నాలుక మీద పెట్టుకుంటే పనస తొన, ఆ వెనక ఎక్కడో తడిసిన మట్టి. అంత బాగుండటమే ఆమెను భయపెట్టింది.

తెర అవతల ప్రేమ్‌కుమార్ టాంపర్‌తో పొడి అదిమాడు, థక్. కిరందుల్ గనుల టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన కుర్రాడు, ఇనుము తవ్వేవాళ్ళ ఇంట పుట్టినందుకు ఇనుము పట్టుకునే తీరు వచ్చింది, మణికట్టు వంగదు. ఆ థక్ వింటే బుధ్రా గుర్తొస్తాడు. డిసెంబరులో కఫేకి వచ్చి కౌంటరు మీద పరిచిన సామాన్లను చేతులు వెనక్కి కట్టుకుని చూసిన బుధ్రా. అదిమే టాంపరు, పొడి ఉండలు విడదీసే సన్న సూదుల పిడి, పొడి నింపి మిషనుకు బిగించే పిడిగిన్నె, పిప్పిని కొట్టి పారేసే పెట్టె, పాలజగ్గులు, వాటిని తుడవడానికి వేరువేరు రంగుల గుడ్డలు, ఒకదాని గుడ్డ ఇంకోదానికి తగలకూడదు. అంతా విని ఆయన, "మా వడ్డె పూజ చేసేటప్పుడు గుడ ఇంత సామాను ఉండది బిడ్డా. దీంట్ల మీ దేవుడెవరు?" అన్నాడు. వడ్డె అంటే వాళ్ళ ఊరి పూజారి. రాజ్యశ్రీ అక్క పకపకా నవ్వి స్కేలు చూపించింది. బుధ్రా మాత్రం నవ్వలేదు, స్కేలుకు తల కొద్దిగా వంచాడు. అది వెటకారమో కాదో ఇప్పటికీ తెలియదు. ఆయనది కోంటా వైపు దోర్లా ఆదివాసీ కుటుంబం, గొడవల రోజుల్లో ఊరొదిలి ఏళ్ళ తరబడి భద్రాచలం అవతల మిరపకోతలకు వెళ్ళి తెలుగు నేర్చుకుని, చివరికి దర్భా దాటాక ఒక వాలు మీద భార్య ఆయతి తమ్ముళ్ళ పక్కన గుడిసె వేసుకున్నాడు. ఆ వాలు మీద నాలుగేళ్ళ కింద నాటిన మూడువందల మొక్కలు ఈ యేడు తొలిసారి కాశాయి. తొలి కాపు. ఆ మాట అప్పుడు వాసవి చెవికి మంచి కథలా వినపడింది, జడ్జీలకు చెప్పుకోవచ్చనిపించింది.

కథలకేం, తన ఇంట్లో లేవనా. అడవి అంచున భోపాల్‌పట్నంలో వాళ్ళది కిరాణా కొట్టు, మూడు తరాలది. అడవి నుంచి గంపల్లో వచ్చే చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు నాన్న నరసింహులు కాటాలో తూచి, ముల్లు నిలబడ్డాక, ఒక గుప్పెడు తీసి తన కుప్పలో వేసుకునేవాడు. దానికి పేరు కొసరు. ఎక్కడైనా కొసరంటే కొట్టువాడు కొనేవాడికి వేసేది, వాళ్ళ కొట్లో మాత్రం కొట్టువాడు అమ్మవచ్చిన వాళ్ళ దగ్గర తీసుకునేది. తప్పని నాన్నకు తెలియదు, తాత తీశాడు కాబట్టి నాన్న తీశాడు, నాన్న మంచివాడే, ఎవరికైనా జ్వరమొస్తే మాత్రలిచ్చి పంపేవాడు. చిన్నప్పుడు వాసవి ఆ గుప్పెడును కాదు, గుప్పెడు తీస్తున్నప్పుడు గంప తెచ్చిన మనిషి చూపును చూసేది. కోపం ఉండేది కాదు అందులో. గుప్పెడు కుప్పలో పడేదాకా ఆ చూపు చేతి వెంటే వెళ్ళేది, అంతే. ఇప్పుడు స్కేలు మీద అంకె దిగుతుంటే తన చూపు కూడా అలాగే వెంట వెళుతోందని ఇందాక అద్దంలో చూసుకుంది. నాన్న గుప్పెడు తీశాడు, ఎవరో చిటికెడు తీసుకుంటున్నారు. ఇంతేనా లెక్క? ఇంతే అయితే బాగుండును. కాదని తెలుసు. తీసుకుంటున్న వాళ్ళకు అది చాలడం లేదు.

ఎందుకు చాలడం లేదో కూడా తెలుసు, తెలియనట్టు ఇరవై రోజులు నెట్టుకొచ్చింది. జనవరిలో ఒక పొద్దున బుధ్రా వాకిట్లో నులకమంచం మీద చిన్న గ్లాసులు వరసపెట్టి, ఆ కొత్త కాపులోంచి తను కఫేలో గుప్పెడు వేయించి తెచ్చిన గింజలను చేతిమరలో పట్టి, వేడినీళ్ళు పోసింది. ఆయతి చూసి గడపలోనే ఆగిపోయింది. బుధ్రా వచ్చి మంచం కోడు పట్టుకుని మెల్లగా చెప్పాడు, "కొత్తల పండుగ కాలేదు బిడ్డా. కొత్త పంట ముందుగల పెద్దోళ్ళకు పెట్టాలె. గప్పటిదాంక మనం తినద్దు, తాగద్దు. వచ్చే పున్నానికి వడ్డె దినం చెప్తడు." మామిడికాయైనా, చిక్కుడుకాయైనా, ఇప్పపువ్వైనా వాళ్ళకు అంతే, పోయిన పెద్దలకు పెట్టి పేరు పిలిచాకే బతికున్నవాళ్ళ నోటికి. వాసవికి ఆ సంగతి తెలియక కాదు, భోపాల్‌పట్నం పిల్లకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. కానీ పున్నమి దాకా ఆగితే పోటీకి పేరిచ్చే గడువు దాటిపోతుంది, వేయించిన గింజ పదిరోజులు మగ్గాలి, సాధన చెయ్యాలి. అప్పుడు నోటికొచ్చింది ఆ తెలివైన మాట. "మేం తాగం కాకా. నాలుక మీద పెట్టుకుని రుచి చూసి ఉమ్మేస్తం. మింగం. మింగకపోతే తిన్నట్టు కాదు గదా?"

కాఫీ రుచి చూసేవాళ్ళంతా చేసే పనే అది. రోజుకు ముప్పై నలభై కప్పులు చూడాలి, అన్నీ మింగితే గుండె దడదడలాడి చస్తారు. చెంచాతో తీసుకుని సర్రున పీల్చి పక్కనున్న కప్పులో ఉమ్మేస్తారు. బుధ్రా ఆ మాటను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు, సంతలో కోడిని చూసినట్టు. "నోటిదాంక తెచ్చి మింగకపోతే ఆకలి ఇంక పెరుగుద్ది గద బిడ్డా. మనకైనా, వాళ్ళకైనా" అన్నాడు. అని, చదువుకున్న పిల్ల చెబుతోంది కదా అని ఒప్పుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. వాసవికి ముచ్చటేసి ఒక చెంచా ఆయన చేతికిచ్చింది. నాలుగేళ్ళు నీళ్ళు మోసి పెంచిన మొక్కల కాఫీ. ఆయన సర్రున పీల్చాడు, కళ్ళు పెద్దవయ్యాయి, ముడతలన్నీ ఒక్కసారి సర్దుకున్నాయి, గొంతుముడి పైకి లేచింది, మింగబోతున్నాడు. "మింగకు కాకా! మింగితే తిన్నట్టే లెక్క, మీ పద్ధతే గదా!" అంది తను. ఆయన చట్టం ఆయనకే చెప్పింది. బుధ్రా సిగ్గుపడి కప్పులో ఉమ్మేశాడు. ఉమ్మి, ఆ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. వాసవి ఆ కప్పులన్నీ తీసుకెళ్ళి కంచె అవతల పారబోసింది. ఒక కోడిపెట్ట పరుగున వచ్చి ముక్కు ఆనించి, ఆనించినంత వేగంగా వెనక్కి పోయింది. అప్పుడు నవ్వొచ్చింది. కోళ్ళు కాఫీ తాగవు అనుకుంది.

ఆరోరోజున ఆయనకు ఏదీ గొంతు దిగడం మానేసింది. ఏది పోసినా నోట్లో ఉంచుకుంటాడు, కాసేపటికి ఉమ్మేస్తాడు. జావ, నీళ్ళు, వడ్డె ఇచ్చిన వేరు కషాయం, ఆసుపత్రిలో ఇచ్చిన మందు. డాక్టర్లు లోపల వాపన్నారు, దానికో పేరు కూడా చెప్పారు, చెయ్యాల్సిందంతా చేశారు. వాసవి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆయన మంచం మీద కూర్చునే ఉన్నాడు. ఆమెను చూసి నవ్వడానికి ప్రయత్నించి, పక్కనున్న స్టీలు గ్లాసెత్తి నీళ్ళు నోట్లోకి తీసుకుని, తను నేర్పినట్టే సర్రున పీల్చి, తను నేర్పినట్టే శుభ్రంగా గిన్నెలో ఉమ్మి, 'బాగా చేశానా' అన్నట్టు చూశాడు. ఎనిమిదో నాటికి పోయాడు. మైల ఇంట కొత్తల పండుగ ఏముంటుంది, ఆగిపోయింది. అప్పటికే నాలుగు కిలోల గింజలు కఫేకి చేరిపోయాయి. తిరిగిచ్చేస్తానని వెళితే ఆయతి వద్దంది. ఏడవలేదు, తిట్టలేదు, వాలు మీద చెట్ల మొదళ్ళ మట్టి ఒక రేకుడబ్బాకెత్తి ఇచ్చింది. "ఇగ నీ చేతుల పడ్డది. నువ్వే పెట్టు. దొంగతనంగ పెడితే వాళ్ళకు అందది, నలుగురి ముంగట పెట్టాలె, పేరు పిలిచి పెట్టాలె" అంది. వాసవి అలాగేనని తలూపింది. తలూపి వచ్చి పోటీకి సాధన చేసింది. రేపు పెడదాం, ఎల్లుండి పెడదాం. ఆయతి మట్టిని చూసి రాజ్యశ్రీ అక్క మురిసిపోయి, "జడ్జీలకి కథ కావాలి వాసూ, దీన్ని పళ్ళెంలో పోసి ఒక కాఫీ మొక్క గుచ్చి బల్ల మీద పెట్టేద్దాం" అంది.

ఆ పళ్ళెం ఇప్పుడు కాళ్ళ దగ్గరే ఉంది. తెల్లారి తడిపింది, బండి ఎక్కేటప్పుడు తడిపింది, ఈ గదిలోకి రాగానే సీసాడు నీళ్ళు పోసింది. వంగి చూస్తే ఎండిపోయి ఉంది. పళ్ళెం అంచు నుంచి మట్టి వేలెడు దూరం జరిగి, నడిమధ్యన నెర్రె విచ్చింది. నీళ్ళు కిందకు కారలేదు, గచ్చు పొడిగా ఉంది. వాసవి వేలితో ఆ నెర్రెను తాకబోయి తీసేసుకుంది. తెర అవతల చప్పట్లు, ప్రేమ్‌కుమార్ సమయం మొదలైంది. మైకులో వాడి గొంతు హుషారుగా మోగుతోంది, మర తిరిగింది, ఆవిరి బుస్సుమంది, థక్, మళ్ళీ థక్. ఆ చప్పుళ్ళ మధ్య ఎక్కడో, హాలులోంచి కాదు, దగ్గరగా, ఎవరో నోట్లో నీళ్ళు పట్టుకుని ఉన్న మనిషి ముక్కుతో ఊపిరి తీసినట్టు వినిపించింది. గదిలో తను ఒక్కతే. అద్దంలోనూ తను ఒక్కతే. వాసవి లేచి తలుపు తెరిచి, వసారాలో మనుషులు తిరుగుతున్నారని చూసుకుని, తెరిచి ఉంచే వచ్చి కూర్చుంది.

తెరిచిన తలుపులోంచి రాజ్యశ్రీ అక్క వచ్చింది, మెడలో స్టాప్‌వాచ్ వేలాడుతోంది. "ప్రేమ్ బాగా చేస్తన్నాడు, కానీ పాల నురగ లావైపోయింది. నువ్వు పద్నాలుగు నిమిషాల యాభై సెకన్లకి ముగిస్తే చాలు, ఒక్క చుక్క ఒలక్కుండా. మొదటి మాట చెప్పు చూద్దాం."

వాసవి కంఠతా పట్టినది అప్పజెప్పింది. బస్తర్ కొండల్లో బుధ్రా అనే రైతు రోజూ పొద్దున్నే తన తోటలోని ఈ కాఫీ తాగి పనిలోకి దిగుతాడు.

"బంగారం. ఆ నవ్వు ఒకటి పెట్టు."

"అక్కా, ఆయన పోయాడు. ఈ కాఫీ తాగనూ లేదు."

"పోయాడంటే జాలి మార్కులు అడుక్కుంటన్నామనుకుంటారే. ఉన్నాడనే చెప్దాం, ఊరికి మంచి పేరొస్తాది గదా" అని అక్క ఆమె కాలరు సర్ది, బొట్టుబిళ్ళల అద్దంలో తన చీర కుచ్చిళ్ళు ఒకసారి చూసుకుని వెళ్ళిపోయింది. చెడ్డ మనిషి కాదు. అందరూ ఇలాగే చేస్తారు, రైతు పేరొకటి, నవ్వుతున్న ఫొటో ఒకటి. అయితే 'తాగనూ లేదు' అన్న తన మాట గదిలోనే ఉండిపోయింది, దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చి కూర్చుంది. ఆయన తాగలేదు. సరే, మరి ఎవరు తాగారు? ఆరోజు వాకిట్లో తను ఉమ్మింది. కఫేలో అక్క ఉమ్మింది. సాధనలో రోజుకు ఏడెనిమిది ఎస్ప్రెస్సో షాట్లు, అన్నీ నాలుక మీద పెట్టి సింకులో ఉమ్మిందే. పాల కాఫీలు పారబోసింది. వాడుకగా వచ్చేవాళ్ళకు చిక్‌మగళూరుదే పోసింది, దీన్ని పోటీకి దాచుకుంది. వాసవి వేళ్ళు మడుస్తూ ఆలోచించింది, ఒక్క పేరైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు. మూడువందల చెట్ల తొలి కాపును ఈ భూమ్మీద ఇప్పటిదాకా ఒక్క ప్రాణి మింగలేదు. నోటిదాకా వచ్చి వెనక్కి పోవడమే అన్నిసార్లూ. నెలరోజులుగా ఎవరినో విస్తరి ముందు కూర్చోబెట్టి, ముద్ద పెదాలకు తాకించి తీసేస్తున్నట్టు. వాళ్ళు అరవలేదు, గిన్నె తన్నలేదు, చిటికెడు చిటికెడు తీసుకుంటూ ఊరుకున్నారు. ఇంకో అరగంటలో నలుగురు కొత్తవాళ్ళు వచ్చి కూర్చుంటారు. పోటీ జడ్జీలు ఉమ్మరు. రెండు గుక్కలు మింగి మార్కులు వేస్తారు. పెద్దలకు పెట్టకముందే, పెంచినవాడి గొంతు దాటకముందే, ఈ పంటను మింగే మొదటి నలుగురు వాళ్ళే. చెంచాడు గుక్క నోట్లో పెట్టుకుని ఉమ్మేసిన మనిషే ఎనిమిదో నాటికి పోయాడు. మింగినవాళ్ళ సంగతేమిటి?

ఇదంతా మూఢనమ్మకమని ఆమెలోనే ఉన్న బీకాం చదివిన వాసవి అంటోంది. గొంతు వాపు గొంతు వాపే, పొడికి పట్టేది కరెంటే. భోపాల్‌పట్నం పిల్ల వాసవి మాత్రం నెర్రె విచ్చిన మట్టివైపు చూస్తోంది. గింజలు మార్చేస్తే? సంచిలో చిక్‌మగళూరువి అరకిలో ఉన్నాయి. అప్పుడు జడ్జీలకు ఏ బెంగా లేదు. కానీ బెంగుళూరు ఉండదు, బుధ్రా పేరు ఎవరూ వినరు, మిగిలిన గింజలు డబ్బాలో అలాగే కూర్చుంటాయి, ఆకలి తీరదు. పోనీ ఇప్పుడే, ఇక్కడే, వేడినీళ్ళతో కొంచెం కలిపి ఆ మట్టిలో పోసేస్తే? చెయ్యి నిజంగానే ఫ్లాస్కు మీదకు వెళ్ళింది. దొంగతనంగ పెడితే వాళ్ళకు అందది. నలుగురి ముంగట. పేరు పిలిచి. నాన్న కూడా కొసరు దొంగతనంగా తియ్యలేదు, ఎదురుగానే తీశాడు, ఎదురుగా తీసుకోవడానికి ఉన్న ధైర్యం ఎదురుగా ఇవ్వడానికి ఉండొద్దా. వేదిక మీద పెడితే ఏమవుతుందో వాసవికి బాగా తెలుసు. జడ్జీల పక్కనే ఇద్దరు సాంకేతిక జడ్జీలు నిలబడి ఉంటారు, ఎంత పొడి వృథా అయింది, ఎన్ని చుక్కలు ఒలికాయి అన్నదే వాళ్ళ పని. ఒక పూర్తి షాటు పారబోస్తే ఆ మార్కులూ పోతాయి, దాదాపు నిమిషం పోతుంది, పద్నాలుగూ యాభై కాస్తా గడువు దాటుతుంది. ప్రేమ్‌కుమార్ నురగ లావైనా గెలుస్తాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఆరు నెలలు అద్దం ముందు నవ్వు నేర్చుకున్న పిల్ల, మణికట్టుకు పట్టీ కట్టుకుని అదమడం నేర్చుకున్న పిల్ల. పెట్టకపోతే ఏమవుతుంది, బహుశా ఏమీ కాదు. ఆ 'బహుశా' మీద నాలుగు గొంతులు వేలాడుతున్నాయి.

నాలుగో నంబరు అని పిలిచారు. బల్ల సర్దింది. నలుగురు జడ్జీలు నల్ల ఏప్రన్లతో వచ్చి వరసగా కూర్చున్నారు, ఒక పెద్దాయన, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక కుర్రవాడు, వాడి మెడ సన్నగా ఉంది, గొంతుముడి బాగా బయటకు కనబడుతోంది. వాసవి దాన్ని చూసింది. పళ్ళెం మధ్యలో పెట్టింది, మొక్క ఆకులు వేలాడేసి ఉంది. మొదటి వరసలో రాజ్యశ్రీ అక్క బొటనవేలు ఎత్తి చూపింది. గడియారం నొక్కారు. మర తిరిగింది, స్కేలు పద్దెనిమిది చూపించి, జనం ముందైనా సిగ్గుపడకుండా పదిహేడు పాయింటు ఆరుకు దిగింది. సూదులు తిప్పింది, అదిమింది, బిగించింది. రెండు కప్పుల్లోకి తేనె రంగు ధార. బస్తర్ కొండల్లో బుధ్రా అనే రైతు రోజూ పొద్దున్నే, అనాలి. నోరు తెరిచింది. మాట రాలేదు. గొంతులో ఏదో పైకి లేచి ఆగింది, అటూ పోదు, ఇటూ రాదు. ఒక్క క్షణం ఆమెకు బుధ్రా చూపు అర్థమైంది. రెండు కప్పులూ తీసుకుని జడ్జీల వైపు కాకుండా పళ్ళెం వైపు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది.

వాసవి తెలుగులో, బుధ్రా తనతో మాట్లాడిన తెలుగులో, మైకులోనే అంది. "పెద్దోళ్ళూ, ఇది మీ బుధ్రా పెంచిన కొత్త పంట. ముందుగల మీకు." మొదటి కప్పు మట్టిలో ఒంపింది. "బుధ్రా కాకా, ఇది నీకు. ఉమ్మకు. మింగు." రెండో కప్పు నెర్రెలోకి పోసింది. నల్లటి చెమ్మ ఒక్క క్షణం పైన నిలబడి, లోపలికి వెళ్ళిపోయింది. సాంకేతిక జడ్జీ పెన్ను ఎత్తి అట్ట మీద గీత గీశాడు, ఇంకోటి గీశాడు. రాజ్యశ్రీ అక్క స్టాప్‌వాచ్ చేతిలోంచి ఒళ్ళోకి జారింది, ఆవిడ మొహం వాసవి చూడదలుచుకోలేదు. లేచి చేతులు తుడుచుకుంది. మర మళ్ళీ తిప్పింది. స్కేలు పద్దెనిమిది చూపించింది. వాసవి ఊపిరి బిగబట్టి చూసింది, ఆ నిమిషానికి ఎంత విలువో తెలిసే చూసింది. పద్దెనిమిది. పద్దెనిమిది. కదల్లేదు.

నాలుగు కప్పులు నలుగురి ముందు పెట్టి, ఈసారి హిందీలో చెప్పింది. ఈ కాఫీ పెంచినాయన పేరు బుధ్రా. ఆయన దీన్ని తాగకుండానే పోయాడు, తాగబోతుంటే నేనే ఆపాను. ఇప్పటిదాకా దీన్ని ఎవరూ మింగలేదు. దయచేసి మింగండి. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని ఆమెను ఒకసారి, పళ్ళాన్ని ఒకసారి చూశాడు. నలుగురూ కప్పులెత్తారు. సన్న మెడ కుర్రవాడు సర్రున పీల్చాడు, ఒక్క క్షణం ఆగాడు, వాడి గొంతుముడి పైకి లేచింది, వాసవి చేతిలోని గుడ్డను పిండేసింది, గొంతుముడి కిందికి దిగింది. నాలుగు గొంతులు కదిలాయి. ఆమె చెవులకు అయిదు గుటకలు వినిపించాయి.